విడాల్ పాజిటివ్ వస్తే టైఫాయిడేనా? వైజాగ్‌లో మీకెదురైన తప్పుడు నిర్ధారణల సంగతి చెప్పండి

గాజువాక కుర్రాడు | సోమవారం రాత్రి 9:40

ముందు అడగాల్సింది అడిగేస్తాను. డిశ్చార్జ్ అయ్యాక పేషెంటు కేస్ షీట్ కాపీ అడిగితే ఆసుపత్రి వాళ్లు ఇవ్వాలా, అక్కర్లేదా? "సమ్మరీ ఇచ్చాం కదా, కేస్ షీట్ మా ఆస్తి" అంటున్నారు. బిల్లింగ్ కౌంటర్ నుంచి మెడికల్ రికార్డ్స్‌కి, అక్కణ్ణుంచి పీఆర్వో దగ్గరికి తిప్పుతున్నారు.

ఇక సంగతి. అమ్మకి యాభై ఎనిమిదేళ్లు. దసరాకి చోడవరం దగ్గర మా ఊరెళ్లి, దగ్గరుండి పెరట్లో కంపంతా కొట్టించి వచ్చింది. వచ్చిన కొన్నాళ్లకి చలిజ్వరం, తల పగిలిపోయే నొప్పి. ఆర్‌ఎంపీ మందులకి తగ్గకపోతే సిటీలో పేరున్న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్పించాం. టైఫాయిడ్‌కి చేసే విడాల్ రక్త పరీక్ష పాజిటివ్ వచ్చింది, టైఫాయిడ్ అన్నారు, సెఫ్‌ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఎక్కించడం మొదలుపెట్టారు. జ్వరం అంగుళం కదల్లేదు. అడిగితే "టైఫాయిడ్ కదా, టైం పడుతుంది" అన్నారు. తర్వాత ఆయాసం వచ్చింది, కళ్లు పచ్చబడ్డాయి. ఐసీయూకి మార్చాలి, అడ్వాన్స్ కట్టండి అన్నారు. మా బావ గొడవపడి, ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌కి తీసుకొచ్చేశాడు.

అక్కడ ఒక పీజీ డాక్టరమ్మ మేం చేతిలో పెట్టిన ఫైలు పక్కన పడేసింది. తెర లాగి, జాకెట్టు విప్పించి, చంకలు, గజ్జలు, మడతలు అన్నీ టార్చి వేసి చూసింది. ఎడమ రొమ్ము కింద మడతలో సిగరెట్టుతో చురక పెట్టినట్టు నల్లటి పెచ్చు, చుట్టూ ఎర్రగా ఉంది. నొప్పి, దురద లేవు కాబట్టి అమ్మకే తెలీదు. స్క్రబ్ టైఫస్ (పురుగు కుడితే వచ్చే జ్వరం) అయ్యుంటుందని రక్తం ఎలీసా పరీక్షకి పంపారు, రిపోర్టు కోసం ఆగకుండా డాక్సీసైక్లిన్ మొదలుపెట్టారు. రెండో రోజుకల్లా జ్వరం దిగింది. రిపోర్టులోనూ అదే వచ్చింది.

అమ్మ ఇప్పుడు బాగానే ఉంది. నా మంట అల్లా ఆ ప్రైవేటు ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ ఒక్క డాక్టరూ ఆమెని ముట్టుకోలేదని. రౌండ్స్‌కి వచ్చి మంచం కాళ్ల దగ్గర నిలబడి, ఫైలు చూసి, సిస్టర్‌కి ఏదో చెప్పి వెళ్లిపోయేవారు. ఆ ఫైల్లో ఏం రాసుకున్నారో నాకు చూడాలనుంది.

నల్లకోటు | సోమవారం రాత్రి 10:15

ఇవ్వాల్సిందే తమ్ముడూ. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ ప్రవర్తనా నియమావళి ప్రకారం పేషెంటు గానీ, పేషెంటు రాసిచ్చిన మనిషి గానీ అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. ఇన్‌పేషెంట్ రికార్డు మూడేళ్లు దాచాలని కూడా అందులోనే ఉంది. 2023లో కొత్త నియమావళి తెచ్చారు గానీ వెంటనే పక్కన పెట్టేశారు, కాబట్టి పాతదే నడుస్తోంది.

నోటితో అడగడం మానెయ్యండి. మీ అమ్మగారి సంతకంతో తెల్లకాగితం మీద దరఖాస్తు, ఐపీ నంబరు, చేరిన తేదీ, డిశ్చార్జ్ తేదీ. రెండో కాపీ మీద స్టాంపు వేయించుకోండి. తీసుకోకపోతే రిజిస్టర్డ్ పోస్టులో అక్నాలెడ్జ్‌మెంట్‌తో సూపరింటెండెంట్ పేర పంపండి. నర్సుల నోట్సు, మందుల చార్టు, ల్యాబ్ రిపోర్టులు, కన్సెంట్ ఫారాలు, అన్నీ కావాలని విడివిడిగా రాయండి. "కేస్ షీట్" అని ఒక్క ముక్క రాస్తే నాలుగు కాగితాలు చేతిలో పెట్టి పంపేస్తారు.

మోడరేటర్ | సోమవారం రాత్రి 10:22

ఈ చర్చలో మీ అనుభవాలు రాసేటప్పుడు ఆసుపత్రి పేరు, డాక్టరు పేరు రాయకండి. ఇప్పటికే రెండు పోస్టులు తీసేశాను. "జగదాంబ పక్కన ఎర్ర బోర్డు" లాంటి పొడుపుకథలు కూడా వద్దు.

ఎంవీపీ అక్క | సోమవారం రాత్రి 11:05

మా అత్తగారికి షుగరుంది. ఓ సాయంత్రం దవడ లాగుతోంది, వీపు మధ్యలో బరువుగా ఉంది, చెమటలు అంది. క్యాజువాలిటీకి తీసుకెళ్తే ఈసీజీ తీసి "నార్మలే అమ్మా, గ్యాస్" అన్నారు. పాంటాప్ ఇంజెక్షన్ ఇచ్చి ఇంటికి పంపేశారు. నేను గుండెపోటు తేల్చే ట్రోపోనిన్ రక్త పరీక్ష చేస్తారా అని అడిగాను. "గూగుల్ చూసి రాకండి మేడమ్" అన్నాడు ఆ అబ్బాయి. నవ్వుతూనే అన్నాడు లెండి, అదే ఇంకా మండింది.

తెల్లవారుజామున పడిపోయింది. వేరే ఆసుపత్రిలో స్టెంటు వేశారు, మనిషి దక్కింది. కానీ గుండె పనితీరు 35 శాతానికి పడిపోయింది. ఇప్పుడు రెండు మెట్లెక్కితే ఆయాసం. గుండెపోటు వచ్చిన కొత్తలో ఈసీజీ మామూలుగానే ఉండొచ్చనీ, కాసేపాగి మళ్లీ తీయాలనీ, ఆడవాళ్లకీ షుగరున్నవాళ్లకీ ఛాతీ నొప్పే రానక్కర్లేదనీ తర్వాత కార్డియాలజిస్టు గారు కూర్చోబెట్టి చెప్పారు. ఇవన్నీ ఆ క్యాజువాలిటీ అబ్బాయికి తెలియనివా? ముసలావిడ, పైగా ఆడమనిషి, గ్యాసే అయ్యుంటుందిలే అనుకున్నాడు, అంతే.

మాడుగుల హల్వా | సోమవారం రాత్రి 11:11

మన ఆంధ్రాలో రెండే రోగాలు అక్కా. బొడ్డు పైన ఏదొచ్చినా గ్యాస్, ఒళ్లు వేడెక్కితే టైఫాయిడ్.

డ్యూటీ డాక్టర్ | మంగళవారం ఉదయం 6:50

నైట్ దిగి వచ్చి చదువుతున్నాను. నేనూ ఈ ఊళ్లోనే పనిచేస్తున్నాను, తిట్లు పడటానికి సిద్ధపడే రాస్తున్నాను.

గాజువాక తమ్ముడి విషయంలో ముందు విడాల్ సంగతి. అది టైఫాయిడ్ సూక్ష్మజీవిని పట్టే పరీక్ష కాదు, దాని మీద మన ఒంట్లో తయారైన యాంటీబాడీలని చూసే పరీక్ష. మనలాంటి చోట ఎప్పుడో సోకిన టైఫాయిడ్ వల్లో, వేరే జ్వరం వల్లో కూడా పాజిటివ్ రావచ్చు. ఒక్కసారి చేసిన విడాల్‌ని నమ్ముకుని మందు రాయకూడదు. యాంటీబయాటిక్ పడకముందే బ్లడ్ కల్చర్‌కి పంపాలి. కల్చర్‌కి ఖర్చెక్కువ, ఫలితం రావడానికి రోజులు పడుతుంది. విడాల్ గంటల్లో వస్తుంది, పేషెంటు వాళ్లకి కూడా చేతిలో ఓ కాగితం, రోగానికో పేరు ఉంటే నెమ్మది. అందుకే అది చావడం లేదు.

ఇక రెండో వైపు. కేజీహెచ్‌కి చేరేసరికి మీ అమ్మగారికి ఆయాసం, కామెర్లు వచ్చేశాయి, సెఫ్‌ట్రియాక్సోన్ పనిచేయలేదని కూడా తేలిపోయింది. మొదటి రోజు చూసినవాడికి కనిపించింది ఉత్త జ్వరమే. ఆఖర్న చూసిన డాక్టరు ఎప్పుడూ తెలివైనవాడిలాగే కనిపిస్తాడు. పైగా మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది అప్పటికే ఆర్‌ఎంపీ దగ్గర ఏవో ఇంజెక్షన్లు చేయించుకుని, అవేమిటో చెప్పరు. రెండ్రోజులు చూసి డాక్టర్ని మార్చేస్తారు. అలాంటప్పుడు ఏ కల్చర్లో ఏం దొరుకుతుంది?

ఉక్కుమనిషి | మంగళవారం ఉదయం 8:30

డాక్టరుగారూ, మీరు చెప్పింది ఒప్పుకుంటాను, మర్యాదగానే ఒక మాట. ఆ నల్ల మచ్చ కేజీహెచ్‌కి వెళ్లిన రోజే పుట్టలేదు కదా? ముందు ఆసుపత్రిలో అన్ని రోజులూ ఆ మనిషి ఒంటి మీదే ఉంది. ఆర్‌ఎంపీ ఇంజెక్షన్ సంగతి ఆవిడ దాచిందే అనుకుందాం. మచ్చని దాచలేదు, చూపించమని ఎవరూ అడగలేదు.

డ్యూటీ డాక్టర్ | మంగళవారం ఉదయం 8:44

దానికి నా దగ్గర సమాధానం లేదు. వానలు వెలిశాక, చలికాలంలో, పల్లెకి వెళ్లొచ్చిన మనిషికి తగ్గని జ్వరమంటే ఆ మచ్చ కోసం వెతకాల్సిందే. మన ఉత్తరాంధ్రలో స్క్రబ్ టైఫస్ కొత్తదేం కాదు. పొదల్లో, గడ్డిలో ఉండే చిన్న పురుగు కుడితే వస్తుంది. మచ్చ అందరికీ ఉండదు, ఉంటే మాత్రం అక్కడే సగం తేలిపోతుంది. మందు కూడా చవకే.

నైట్ డ్యూటీ సిస్టర్ | మంగళవారం మధ్యాహ్నం 2:10

నేను పన్నెండేళ్లుగా వార్డులో చేస్తున్నాను. ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తాను. రాత్రి షిఫ్టులో ఇరవైమంది పేషెంట్లకి ఒక్కదాన్నే ఉన్న రోజులున్నాయి. రెండు గంటలకి, నాలుగు గంటలకి, ఆరు గంటలకి చూడాల్సిన టెంపరేచర్ తెల్లవారి ఒకేసారి చార్టులోకి ఎక్కుతుంది. తప్పే, కాదనను.

అడ్మిషన్ షీటు మీద గుండె, ఊపిరితిత్తులు, పొట్ట, చర్మం అని గళ్లుంటాయి. వాటిని నింపేది కొత్తగా చేరిన డాక్టరు. పక్కన ఇంకో అడ్మిషన్ ఎదురుచూస్తుంటే అన్ని గళ్లలోనూ "నార్మల్" అని రాసేసి లేస్తారు. ఇప్పుడు కంప్యూటర్లో అయితే పక్క పేషెంటు షీటు తెచ్చి అతికించేయడమే. ఒక మగ పేషెంటు షీట్లో "గర్భాశయం నార్మల్" అని చూశాను నేను. గాజువాక బాబూ, నీ కాపీ వచ్చాక ఆ పేజీ ముందు చూడు.

ఆర్కే బీచ్ రాజా | మంగళవారం మధ్యాహ్నం 2:31

ఇవన్నీ కాదన్నా. పదిమందిమి వెళ్లి అద్దాలు నాలుగు పగలగొడితే అప్పుడు దిగొస్తారు. బిల్లు కూడా తగ్గిస్తారు, చూశాను.

నల్లకోటు | మంగళవారం మధ్యాహ్నం 3:00

రాజాగారూ, మన రాష్ట్రంలో ఆసుపత్రుల మీద దాడులకి 2008 నుంచీ ప్రత్యేక చట్టం ఉంది, నాన్ బెయిలబుల్. అద్దం మీరు పగలగొడతారు, కేసు ఈ కుర్రాడి మీద పడుతుంది. అప్పటిదాకా బాధితుడైనవాడు ముద్దాయి అవుతాడు. ఆసుపత్రి వాళ్లకి అంతకంటే కావాల్సిందేముంది?

పలాస బస్సు | మంగళవారం సాయంత్రం 5:20

మాది ఉద్దానం. మా వైపు ఇంటికొకరు కిడ్నీ జబ్బు మనిషి అన్నట్టుంటుంది, లోకమంతటికీ తెలుసు. 2023లో పలాసలో కిడ్నీ ఆసుపత్రి వచ్చాక కొంత నయం, అంతకుముందు అన్నిటికీ వైజాగే. మా నాన్న మోకాళ్ల నొప్పులని సిటీలో ఒకాయన దగ్గరికి వెళ్తే, ఏ ఊరని కూడా అడక్కుండా డైక్లోఫెనాక్ రాసి, నొప్పొచ్చినప్పుడల్లా వేసుకోమన్నాడు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడలేదు. మా ఊరి పేరు చెప్పిన వెంటనే చూడాలి కదా అది! పెయిన్ కిల్లర్లు కిడ్నీలకి పడవని మా ఊళ్లో ఆశా కార్యకర్తే చెప్తుంది. కాళ్లు ఉబ్బాక పరీక్ష చేయిస్తే క్రియాటినిన్ నాలుగు దాటింది. ముందే ఎంత ఉందో ఎవరూ చూడలేదు కాబట్టి, ఆ మాత్రల వల్లే పెరిగిందని నేను నిరూపించలేను. అదే వాళ్లకి కలిసొచ్చింది.

కంచరపాలెం బండి | మంగళవారం సాయంత్రం 7:02

డెలివరీ చేస్తుంటాను. నడుం నొప్పొస్తే బండి మీద తిరుగుడు వల్ల డిస్కు జరిగిందన్నారు. బెల్టు, ఫిజియోథెరపీ, మాత్రలు. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడటం, ప్యాంట్లు వదులవ్వడం నేను చెప్తూనే ఉన్నాను. "ఎండలో తిరుగుతావు కదా" అనేవారు. చివరికి ఎమ్మారై తీస్తే వెన్నులో టీబీ. ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రిలో రాయించుకుని మందులు వాడాను, పైసా ఖర్చు లేదు. అప్పటిదాకా తగలేసినదాంతో ఇంకో బండి కొనుక్కోవచ్చు.

పెందుర్తి మావయ్య | మంగళవారం రాత్రి 8:15

మా రోజుల్లో ఒక ఫ్యామిలీ డాక్టరుండేవారు. నాడి పట్టుకుని, నాలిక చూసి, పొట్ట నొక్కి, ఇంట్లో వాళ్లందరి క్షేమం అడిగి, అప్పుడు మందు రాసేవారు. ఇప్పుడు చెయ్యి ముందు మౌస్ మీద పడుతోంది.

మాడుగుల హల్వా | మంగళవారం రాత్రి 8:19

మావయ్యగారూ, ఆయన కాలంలో ఎంతమంది ఏ జబ్బో తెలియకుండానే పోయారో లెక్క ఎవరు రాశారు చెప్పండి? స్కాన్ లేకపోతే పైన కంచరపాలెం అన్నకి ఇప్పటికీ నడుం బెల్టే.

ఎంవీపీ అక్క | మంగళవారం రాత్రి 8:40

స్కాన్ చేయించమని వాళ్లెలాగూ రాస్తారు హల్వా బాబూ, మనం అడక్కపోయినా. అడిగినా చేయనిది వినడం. మా అత్తగారు "దవడ లాగుతోంది" అని మూడుసార్లు అంది, చీటీ మీద ఎక్కింది "పొట్ట ఉబ్బరం".

దువ్వాడ లోకల్ | మంగళవారం రాత్రి 9:05

ల్యాబ్‌ల సంగతి ఎవరూ ఎత్తలేదు. మా ఆవిడకి ఒక ల్యాబ్‌లో థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ 11, అదే వారం ఇంకో ల్యాబ్‌లో 3. మొదటిదాన్ని బట్టి జీవితాంతం మాత్ర అన్నారు. రిపోర్టు మీద ఎన్‌ఏబీఎల్ (ల్యాబ్ నాణ్యత) గుర్తు ఉందో లేదో చూడండి, జీవితాంతం వాడే మందు మొదలుపెట్టేముందు ఇంకోసారి చేయించండి.

ఉక్కుమనిషి | బుధవారం ఉదయం 7:45

నల్లకోటు గారూ, మా కంపెనీ రిఫరల్ మీద వెళ్తే బిల్లు మేం కట్టం. మాలాంటివాళ్లు వినియోగదారుల కమిషన్‌కి వెళ్లగలమా? డబ్బు మాది కాదు కదా అంటారేమో.

నల్లకోటు | బుధవారం ఉదయం 9:30

వెళ్లొచ్చు. 1995లో సుప్రీంకోర్టు, ఇండియన్ మెడికల్ అసోసియేషన్‌కీ వి.పి. శాంతాకీ మధ్య నడిచిన కేసులో, డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని తేల్చింది. బిల్లు ఇన్సూరెన్సు కట్టినా, యజమాని కట్టినా అంతే. అందరికీ పూర్తిగా ఉచితంగా చేసే ఆసుపత్రి మాత్రం రాదు.

అడిగారు కాబట్టి మిగతాదీ చెప్పేస్తాను. ఇప్పుడున్నది 2019 చట్టం. మీరుండే జిల్లాలోనే వేయొచ్చు, అంటే ఆసుపత్రి హైదరాబాద్‌లో ఉన్నా కేసు విశాఖలో నడుస్తుంది. ఆసుపత్రికి కట్టిన డబ్బు 50 లక్షల్లోపు అయితే జిల్లా కమిషన్, 5 లక్షల్లోపు అయితే అసలు ఫీజే లేదు. గడువు రెండేళ్లు, దాన్ని మాత్రం దాటనివ్వకండి. డాక్టరు ప్రవర్తన మీద అయితే ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్‌కి, ఆసుపత్రి నిర్వహణ మీద అయితే డీఎంహెచ్‌వోకి రాతపూర్వకంగా ఇవ్వొచ్చు. వాటితో పరిహారం రాదు, రికార్డు తయారవుతుంది. పోలీసు కేసు అంత తేలిక కాదు. 2005లో సుప్రీంకోర్టు జేకబ్ మాథ్యూ తీర్పు వచ్చినప్పటి నుంచీ వేరే డాక్టరు అభిప్రాయం లేకుండా ముందుకెళ్లరు, ఘోరమైన నిర్లక్ష్యం అయితేనే నిలుస్తుంది.

అన్నిటికంటే మీకు పనికొచ్చేది కిషన్‌రావు కేసు. హైదరాబాద్‌లో ఆయన భార్యకి 2002లో చలిజ్వరం వస్తే టైఫాయిడ్ అని వైద్యం చేశారు, తీరా చూస్తే మలేరియా. ఆవిడ చనిపోయింది. ఆయన పనిచేసేది ఎక్కడో తెలుసా, మలేరియా డిపార్ట్‌మెంటులో! జిల్లా ఫోరంలో 2 లక్షలు ఇవ్వమన్నారు. పైన రెండు చోట్లా, నిపుణుడైన డాక్టరు సాక్ష్యం లేదని కొట్టేశారు. 2010లో సుప్రీంకోర్టు, ప్రతి కేసులోనూ అలాంటి సాక్ష్యం అక్కర్లేదు, నిర్లక్ష్యం కళ్లెదుట కనిపిస్తుంటే చాలు అని ఆ 2 లక్షలూ నిలబెట్టింది.

దువ్వాడ లోకల్ | బుధవారం ఉదయం 9:41

ఎనిమిదేళ్లకి 2 లక్షలు. లాయరు ఫీజుకైనా సరిపోయిందా?

నల్లకోటు | బుధవారం ఉదయం 9:50

నేనూ లాయర్నే కాబట్టి మీరడిగిందానికి జవాబు చెప్పను. కమిషన్‌లో లాయరు లేకుండా కూడా వాదించుకోవచ్చు, అది మాత్రం చెప్తాను.

గాజువాక కుర్రాడు | శనివారం రాత్రి 9:15

అప్‌డేట్. రిజిస్టర్డ్ పోస్టు పని చేసింది. ఫోన్ చేసి రమ్మన్నారు, జిరాక్సు డబ్బులు కట్టించుకుని కట్ట ఇచ్చారు. సిస్టర్ గారు చెప్పిన పేజీ ముందు తీశాను. చర్మం అన్న గడిలో "నార్మల్, దద్దుర్లు మచ్చలు లేవు" అని ఉంది. చేరిన రోజు ఒక్కటే కాదు, ప్రతిరోజూ అదే వాక్యం, అవే అక్షరాలు, అదే స్పెల్లింగ్ తప్పు. బ్లడ్ కల్చర్ పంపినట్టు ఎక్కడా లేదు. ఇంకో చిత్రం, ఆయాసం మొదలైన రాత్రి నర్సు "పేషెంటు ఊపిరి కష్టంగా ఉంది, డాక్టరుకు చెప్పాను" అని టైం వేసి రాసింది. డాక్టరు నోట్సులో ఆ రాత్రి గురించి ఒక్క గీత లేదు, మళ్లీ తెల్లారి రౌండ్సే.

నైట్ డ్యూటీ సిస్టర్ | శనివారం రాత్రి 9:30

ఆ రాసిన అమ్మాయి ఎవరో గానీ చల్లగా ఉండాలి. అలా టైం వేసి రాసినందుకు తర్వాత మేం మాటలు పడతాం.

డ్యూటీ డాక్టర్ | శనివారం రాత్రి 10:05

ఆ మచ్చ ఒక్క రాత్రిలో నల్లటి పెచ్చు కట్టదు. పురుగు కుట్టినచోట ముందు చిన్న పొక్కు లేస్తుంది, తర్వాత పుండై, ఆపైన పెచ్చు కడుతుంది. సాధారణంగా జ్వరం మొదలయ్యే వేళకే ఉంటుంది. కేజీహెచ్ కేస్ షీట్‌లో మచ్చ ఎక్కడుందో, ఎంతుందో రాసుంటే, ఈ రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే చాలు. నిర్ధారణ పొరపాటు ఎవరికైనా జరుగుతుంది, నేను ఆ మాట వెనక్కి తీసుకోను. చూడకుండా చూశానని రాయడం పొరపాటు కాదు.

నల్లకోటు | శనివారం రాత్రి 10:20

డాక్టరుగారు నా పని సగం చేసేశారు. తమ్ముడూ, కేజీహెచ్ కాగితాలు కూడా దరఖాస్తు పెట్టి తీసుకోండి. ఇప్పుడు వచ్చిన కట్టలో ప్రతి పేజీ ఫోటో తీసి, ఒరిజినల్ జిరాక్సుని ఎవరికీ ఇవ్వకండి. కమిషన్ కంటే ముందు ఆసుపత్రికి లీగల్ నోటీసు. చాలావాటికి అక్కడే కబురొస్తుంది.

గాజువాక కుర్రాడు | ఆదివారం ఉదయం 10:40

అమ్మ ఒప్పుకోవడం లేదు. "ఆ డాక్టరుబాబు మన చిన్నాడి వయసు, వాడి పొట్ట కొడతామా" అంటోంది. బావేమో ఊరుకోనంటున్నాడు. నాకు డబ్బు అక్కర్లేదండీ, రోజూ ఆ వాక్యం అతికించింది ఎవరో, ఎందుకో వాళ్ల నోటితో చెప్పించాలని ఉంది.

పెందుర్తి మావయ్య | ఆదివారం ఉదయం 11:00

అమ్మ మాట కూడా వినాలి బాబూ. కేసు మీద ఆవిడ పేరే ఉంటుంది, నీది కాదు.

నల్లకోటు | ఆదివారం ఉదయం 11:25

మావయ్యగారు చెప్పింది నిజం, ఫిర్యాదుదారు ఆవిడే అవుతారు. రెండేళ్ల గడువుంది, ఇంట్లో తేలనివ్వండి. ఈలోపు సూపరింటెండెంట్‌కి వివరణ కోరుతూ ఉత్తరం పెట్టండి, దానికి ఎవరి పొట్టా కొట్టక్కర్లేదు. ఆ పేజీల కాపీలు జతచేసి, రాతపూర్వకంగా జవాబు కావాలని రాయండి. డ్రాఫ్టు నేను చూసిపెడతాను.

ఉక్కుమనిషి | ఆదివారం మధ్యాహ్నం 12:10

నాకు శుక్రవారం వీక్లీ ఆఫ్. ఉత్తరం ఇవ్వడానికి ఒక్కడివే వెళ్లకు, పీఆర్వోలు ఒంటరి మనిషిని కూర్చోబెట్టి టీ ఇచ్చి పంపేస్తారు. పాత గాజువాక జంక్షన్‌లో తొమ్మిదిన్నరకి ఉంటాను, నంబరు మెసేజ్‌లో పెట్టాను.